నాలుగు గిలకల బావి

సూర్యాపేట, ముసాఫిరు బంగళా
1949 ఫిబ్రవరి 6

దావీదు బావకు,

మత్తయ్య రాసేది. నేను బాగున్నాను, పొయ్యి బాగుంది, బంగళా కప్పు ఒక్కటే బాగాలేదు. నువ్వూ అక్కా బాగున్నారని అనుకుంటున్నాను. బాగాలేకపోయినా నువ్వు రాయవు కనుక అనుకోవడమే నా పని.

ఈ ఏడు నా వంట తినేవాళ్ళు మారిపోయారు. పోయినేడు దాకా తుపాకులవాళ్ళకు వండాను. ఉప్పు తక్కువైతే వాళ్ళతో భయం. ఇప్పుడు హైదరాబాదు యూనివర్సిటీ వాళ్ళు వస్తున్నారు. వీళ్ళకు ఉప్పు వెయ్యకపోయినా తెలియదు. ఏదో ఆలోచిస్తూ తినేస్తారు. అడిగితే 'పరిశోధన' అంటారు.

ఒకాయన మూసీ ఇసుకను జల్లెడపట్టి పొట్లాలు కట్టి ఒక్కో పొట్లం మీద తేదీ వేస్తాడు. ఇసుకకు తేదీ ఎందుకు సారూ అంటే, రేపటి ఇసుక వేరన్నాడు. ఇంకొకాయన ఎలుకల పండ్లు కొలుస్తాడు. ఎలుకలు దొరికింది నా వంటింట్లోనే కాబట్టి ఆయనంటే నాకు గౌరవం. మరొకాయన పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నన్ను కూర్చోబెట్టి, గరిటెను మా నాయనమ్మ ఏమనేది, చీపురును ఏమనేది, కోపం వస్తే ఏమనేది అని అడిగాడు. కోపం వస్తే అనేవి రాసుకునే మాటలు కావు సారూ అన్నాను. అవే ముందు కావాలన్నాడు. చెప్పాను. ఆరు కాగితాలు నిండాయి. మా నాయనమ్మ బతికుండగా ఆమె మాట ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

అసలు సంగతి ఇది. వీళ్ళలో ఒక డాక్టరున్నాడు. మందిచ్చే డాక్టరు కాదు, లెక్క రాసుకునే డాక్టరు. ఆయన పరిశోధన నారి మీద. కాలిలోంచి దారంలాగా బయటికొచ్చే ఆ పురుగు మీదనే పుస్తకం రాస్తున్నాడు. నారి ఎక్కడ ఎక్కువని అడిగితే మీ గట్టుకింది గూడెం పేరు చెప్పాను. మా బావ అక్కడ బడిపంతులు, అన్నీ చూపిస్తాడని కూడా చెప్పాను. మీ గూడేనికి పేరు రావడానికి ఇంతకన్న దగ్గరి దారి నాకు కనబడలేదు.

కోడిని కొయ్యకండి. ఆయనకు ఉడకబెట్టిన గుడ్లు చాలు.

నీ బామ్మర్ది
మత్తయ్య


గట్టుకింది గూడెం, మిర్యాలగూడ తాలూకా
ఫిబ్రవరి 27

మత్తయ్యకు,

నీ డాక్టరు వచ్చి నాలుగు రోజులుండి పోయాడు. గుడ్లు తిన్నాడు. ఇల్లిల్లూ తిరిగి అందరి కాళ్ళూ చూశాడు. ఎండలు ఇంకా ముదరలేదు, అప్పుడే గూడెంలో పందొమ్మిది మందికి, పక్క లంబాడీ తండాలో పదకొండు మందికి నారి ఉందని తేలింది. అవతల ఊళ్ళో ఒక్కరికీ లేదు. ఎందుకు లేదని రెండు రోజులు ఆలోచించాడు.

తండాలో నారి తీసే భూలి నీకు తెలుసు. ఆమె పని చూడాలని డాక్టరు పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆమె పురుగు కొనను సన్న పుల్లకు చుట్టి మెల్లగా లాగుతున్నది.

"రోజుకు ఎంత చుడతావు?" అని అడిగాడు.

"అది ఇచ్చినంత సారూ. మన జోరు నడవదు."

"తెగితే?"

"తెగితే దానికి కోపమొస్తది, కాలు కుండలెక్క వాస్తది. అందుకే దానితోని జర మంచిగ మాట్లాడాలె."

"ఏం మాట్లాడతావు?"

"బిడ్డా, లోపలేముంది, ఇవతల గాలి మంచిగుంటది, రా అంట."

డాక్టరు అదీ రాసుకున్నాడు. యూనివర్సిటీలో దాన్ని ఏ వరుసలో వేస్తారో తెలియదు.

నాలుగోనాడు అందరినీ ఊరి చావడి దగ్గరికి పిలిచి చెప్పాడు. నారి ఉన్న కాలు మంటకు మనం మెట్లబావిలో దిగి కాలు నీళ్ళలో పెడతాం. అప్పుడు పురుగు పిల్లల్ని వదులుతుంది. వాటిని నీళ్ళలో ఉండే కంటికి ఆనని జీవులు మింగుతాయి. ఆ నీళ్ళు మనం తాగుతాం. ఏడాది తిరిగేసరికి మన కాలిలోంచి దారం. ఊళ్ళో చేదబావి ఉంది, అందులో ఎవరూ దిగరు, అందుకే ఊళ్ళో నారి లేదు. ఇప్పటికి నీళ్ళు గుడ్డలో వడకట్టుకోండి, మెట్లబావిని మూయించమని సర్కారుకు రాస్తాను అన్నాడు.

ఊరి పటేలు పక్కనే కుర్చీలో ఉన్నాడు. "మంచి మాట సారూ, రేపే పూడుద్దం," అన్నాడు. బావికి మూడు దిక్కులా ఆయన చెలక భూమే. పూడిస్తే నాలుగో దిక్కు కూడా కలుస్తుంది.

ఊరి చేదబావికి గూడెంవాళ్ళు పోరు. మా తాత పోలేదు, నాయన పోలేదు, నేను పోలేదు. మెట్లబావి మూస్తే మాకు మిగిలేది రెండు మైళ్ళ అవతలి వాగు చెలమ. అదీ ఉగాదికి ఎండుతుంది. ఇది డాక్టరుకు తెలియదు. నేను చెప్పలేదు. ఆయన రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. బడిపాక ఉన్నది పటేలు జాగాలో.

మేము క్షేమం.

దావీదు


సూర్యాపేట
మార్చి 12

బావా,

బడిలో పిల్లలు నోరు మెదపకపోతే బెత్తం తీస్తావు కదా, నీకెవరు తీయాలి?

డాక్టరు నీ గురించి నాతో ఏమన్నాడో చెప్పనా? "మీ బావ చాలా మంచి మనిషి, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు," అన్నాడు. వీళ్ళ భాషలో అది పొగడ్త కాదు.

ఇంకో మాట. రిజిస్టరు నా బల్ల మీద పెట్టి ఆయన స్నానానికి పోయాడు. ఇంగ్లీషే అయినా పేర్లు చదవడం మిషన్ బడిలో నేర్పారు. పదిహేనో వరుస: రూతమ్మ, ముప్పై ఏళ్ళు, ఎడమ మడమ. మీ గూడెంలో ముప్పై ఏళ్ళ రూతమ్మ ఇంకొకామె ఉందా? 'మేము క్షేమం' అని రాశావే, అందులో మా అక్కను ఎక్కడ పెట్టావు? మడమకు ఇవతలా, అవతలా?

సరే, బావి సంగతి. నాకు ఒక ఉపాయం తట్టింది. పాత శాసనాల మీద పరిశోధన చేసే పంతులు ఒకాయన మొన్న దిగాడు. నా చేతి కూడు తినడు. వరండాలో స్టవ్వు పెట్టుకుని తనే వండుకుంటాడు, మాడిన వాసన నాకు వదులుతాడు. పాత రాతల రాయి కనబడితే చాలు, దాని చుట్టుపక్కల ఎవర్నీ గడ్డపార ముట్టనివ్వరట. మీ బావిలో మూడో మెట్టు పక్కన రాతల రాయి ఉంది కదా, అక్క పెళ్ళినాడు నేను కాలు జారి పడింది దానిమీదే. ఆ రాయి సంగతి చెప్పాను. "ఎన్ని పంక్తులు?" అన్నాడు. నా వీపు మీద అచ్చుపడినంత వరకు ఏడు అన్నాను.

వస్తున్నాడు. ఈసారి నోరు తెరువు.

మత్తయ్య


గట్టుకింది గూడెం
ఏప్రిల్ 3

మత్తయ్యకు,

మీ అక్క మడమ సంగతి రాయనందుకు తప్పు నాదే. రాయవద్దన్నది ఆమె. "వాడు వింటే సూర్యాపేట నుంచి నడిచొస్తడు, వానికి వండిపెట్టుడు నాతోని కాదు," అన్నది. భూలి పద్దెనిమిది రోజులు చుట్టింది. తెగకుండా మూరెడు వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది. నీకు వండగలదు.

శాసనాల పంతులు వచ్చాడు. రాయి పక్కన కూర్చుని పంక్తులు వేలితో తడిమాడు. ఏడు పంక్తుల్లో నాలుగున్నర లేవు. ఎవరు చెక్కేశారని అడిగాడు. ఎవరూ చెక్కలేదని చెప్పాను. గూడెం అంతా కొడవళ్ళు నూరేది ఆ రాయి మీదే. నీళ్ళు పక్కనే ఉంటాయి, రాయికి మంచి గరుకు ఉంది. మా తాత నూరాడు, నాయన నూరాడు, పోయిన కోతలకు నేనూ నూరాను. ఆయన అడగకపోయినా ఇది మాత్రం చెప్పేశాను. ఎప్పుడు ఏది చెప్పాలో నాకు తెలియదనుకుంటాను.

తడి కాగితం అంటించి, కుంచెతో కొట్టి, సిరా అద్ది మిగిలిన రెండున్నర పంక్తులు ఎత్తుకున్నాడు. బావి తవ్వించిన వాడి పేరు పోయింది, తవ్వించిన సంవత్సరం పోయింది. చివర్న ఉన్న శాపం మిగిలింది. ఈ బావికి చెరుపు చేసినవాడు అరవై వేల ఏండ్లు పురుగై పుట్టును అని.

గట్టిగా చదివి వినిపించాడు.  భూలి అప్పుడే తండా కుర్రాడు దస్రు కాలికి పుల్ల చుడుతున్నది. చేతిలోని పురుగును వెలుతురుకు పెట్టి చూసింది.

"గట్లనా! మరి ఇదెవరి తాతో?" అన్నది.

అప్పటినుంచి ఎవరికి నారి కనబడ్డా, పటేలు వంశంలో ఏ తరం వాడో లెక్క కడుతున్నారు. మీ అక్క కాలిలోంచి వచ్చింది ఆయన ముత్తాత అని తేల్చారు. చాలా మొండివాడట, రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది కనుక.

నీ ఉపాయం ఎదురు తిరిగింది. బావి పూడిస్తే రాయి ఏమవుతుందని పంతులుని అడిగాను. నిజంగానే అడిగాను. "రాయిని పెకలించి హైదరాబాదుకు తీసుకుపోతాం, బావితో మాకు పనిలేదు," అన్నాడు. బండి నేనే పంపుతానన్నాడు పటేలు.

దావీదు


సూర్యాపేట
ఏప్రిల్ 21

బావా,

నిన్న నా బల్ల దగ్గర యుద్ధం జరిగింది. డాక్టరు, శాసనాల పంతులు ఒకేసారి బంగళాలో దిగారు. వాళ్ళతోపాటు చేపల మీద పరిశోధన చేసే కుర్రసారు ఒకాయన. ముగ్గురికీ మీ బావి మీద తలా ఒక మాట.

బావి మూయాలన్నాడు డాక్టరు. మూసేలోపు రాయి నాకివ్వాలన్నాడు పంతులు. అసలు మూయనక్కర లేదన్నాడు చేపలసారు. పురుగు పిల్లల్ని మింగే ఆ కంటికానని జీవులున్నాయి కదా, వాటిని తినే చిన్న చేపలుంటాయట. అవి వదిలితే ఏడాదిలో నారి ఖతం అన్నాడు. చేపలు మెట్లు దిగొచ్చే మనుషుల్ని ఆపుతాయా అని డాక్టరు. మీ మూత నీళ్ళను శుభ్రం చేస్తుందా అని చేపలసారు. నాలుగున్నర పంక్తులు కొడవళ్ళకు పోయాయి, మిగిలింది మీకు పోనివ్వను అని పంతులు. కోపంలో పంతులు నా చేతి చారు రెండుసార్లు పోసుకుని తాగాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆయన కూడా తాగనట్టు ఊరుకున్నాడు.

ఒక్కటి గమనించాను. ముగ్గురూ రెండు గంటలు మాట్లాడారు. ఆ నీళ్ళు తాగేవాళ్ళు తరువాత ఎక్కడ తాగాలన్నది ఒక్కరి నోటా రాలేదు. చెడ్డవాళ్ళు కారు. ఎవరూ చెప్పలేదు, అంతే.

చేపలసారు వస్తున్నాడు. కుండల్లో చేపలతో వస్తాడు. బావిలో చేపలుంటే కొన్నాళ్ళయినా పూడ్చకుండా ఆగుతారు. ఆయనకు కావలసింది ఏడాది.

మత్తయ్య


గట్టుకింది గూడెం
మే 8

మత్తయ్యకు,

చేపలసారు రెండు వందల నలభై చేపల్ని లెక్కపెట్టి బావిలో వదిలాడు. వేలెడంత ఉన్నాయి. పదిహేను రోజులకొకసారి వచ్చి చూస్తానన్నాడు.

నిన్న వచ్చాడు. వల వేస్తే పదకొండు దొరికాయి. మిగతావి ఏమయ్యాయని అడిగాడు. పెద్ద పక్షి ఏమైనా వస్తున్నదా, నీళ్ళలో విషం ఉన్నదా అని పరేషాన్ పడ్డాడు. నేను తలవంచుకున్నాను.

పోయిన శనివారం మీ అక్క వేపుడు పెట్టింది. మూడు తిన్న తరువాత ఇవెక్కడివని అడిగాను.

"బావిలోయి. సారు మనకోసమే ఏసిండు గద," అన్నది.

"తినడానికి కాదే, పురుగుల్ని తినడానికి."

"మనం తాగే నీళ్ళల్ల పెట్టింది మనకు కాకుంటే ఎవరికి? జర ముందుగాల చెప్తే ఐపోవు గద. నలుగురిల నోరు తెరవరు, తినేకాడ మాత్రం తెరుస్తరు."

గూడెం అంతా అట్లాగే అనుకున్నారట. తండావాళ్ళు మాత్రం పాపం ఒక్కటీ ముట్టలేదు. మేము ముందు పోయాం.

చేపలసారుకు నిజం చెప్పాను. ఆయన నవ్వలేదు, కోపపడలేదు. పుస్తకంలో 'చేపలు తగ్గుటకు కారణము: మనుషులు' అని రాసుకుని, రుచి ఎట్లా ఉందని అడిగాడు.

నిన్న పటేలు మనుషులు బావి చుట్టూ తాడు పట్టి కొలిచారు. ఎద్దులు తిరగడానికి మలుపు ఎక్కడ పెట్టాలో మాట్లాడుకున్నారు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడి విన్నారు.

దావీదు

మీ అక్క రాయమన్నది: ఇంకొక సారును పంపితే ఈసారి మేకలమీద పరిశోధన చేసే ఆయన్ని పంపమను.


సూర్యాపేట
మే 25

బావా,

డాక్టరు మళ్ళీ వచ్చాడు. వరండాలో కూర్చుని సర్కారుకు పంపే కాగితం రాస్తున్నాడు. నేను చాయ పోశాను. రెండు మాటలడిగాడు, రెండు మాటలు చెప్పాను. అంతకన్న ఏమీ జరగలేదు.

అక్కకు చెప్పు, మేకలసారు ఇంకా పుట్టలేదు.

మత్తయ్య


గట్టుకింది గూడెం
జూన్ 20

మత్తయ్యకు,

నిన్న ఊరి చావడి దగ్గర తాలూకా కచేరీ నుంచి వచ్చిన గిర్దావరు సర్కారు కాగితం చదివాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పటేలు అందరినీ పిలిపించాడు. మమ్మల్ని చావడి అరుగు కింద, ఎండలో నిలబెట్టాడు. గిర్దావరు కాగితం విప్పగానే పటేలు ముద్ర చూసి లేచి నిలబడ్డాడు. పోయినేటి నుంచి ముద్రలో బొమ్మ మారింది కానీ భయం మారలేదు.

మొదటి మాట: గట్టుకింది గూడెం మెట్లబావిని ఈ రోజు నుంచి వాడకూడదు. పటేలు మా దిక్కు చూశాడు. ఏం చేస్తాం మరి, సర్కారు మాట అన్నట్టు చేతులు తిప్పాడు. మీ అక్క నా చొక్కా పట్టుకుంది.

రెండో మాట: ఆ బావి మెట్లు కట్టివేసి, చుట్టుగోడ లేపి, గిలకలు పెట్టి చేదబావిగా మార్చాలి. "కానీ కానీ, సర్కారు కడితే పదేండ్లకైతది," అని పటేలు నవ్వాడు. నలుగురు నవ్వారు.

మూడో మాట: అది తయారయ్యేదాకా గూడెంవాళ్ళూ తండావాళ్ళూ ఊరి చేదబావిలో నీళ్ళు తోడుకోవాలి. దానికి నాలుగు గిలకలున్నవి, అందరికీ సరిపోతవి. ఎవరైనా అడ్డుకుంటే తాలూకా కచేరీకి జవాబు చెప్పుకోవాలి.

గిర్దావరు చదవడం ఆపి, మళ్ళీ మొదటి నుంచి తనకోసం ఒకసారి చదువుకున్నాడు.  భూలి మెల్లగా, "నాలుగు గిలకలున్నయట," అన్నది.

ఈ రోజు పొద్దు పొడవకముందే పటేలు గూడెంలోకి వచ్చాడు. నా ఎరుకలో ఇదే మొదలు. బడిపాక ముందర నిలబడ్డాడు.

"ఏం పంతులూ, మీ బావి మీకుండాలె గద. తాతలనాటిది. పూడ్చుడెందుకు? గోడ లేపుదం. రాయి నాది, సున్నం నాది. ఊరంత చందా ఏసుకుంటం. గిలకలు రెండు చాల్తయా?"

నేను నోరు తెరిచాను మత్తయ్యా. "నాలుగు," అన్నాను.

"నాలుగే పెడతం. నెల రోజుల్ల ఐతది. గప్పటిదాంక మీరు జర వాగుకు పోయి సర్దుకోండ్రి."

వాగు ఎండిపోయిందని చెప్పాను. అది ఆయనకూ తెలుసు.

ఒకటి నాకు అర్థం కావడం లేదు. మన ఊరి బావికి ఎన్ని గిలకలున్నాయో డాక్టరుకు ఎట్లా తెలిసింది? ఆయన ఆ బావి దగ్గరికి పోలేదు. నేను చెప్పలేదు.

దావీదు


కోదాడ, ముసాఫిరు బంగళా
జూలై 4

బావా,

పైన ఊరి పేరు చూసి బెదరకు. నన్ను కోదాడకు బదిలీ చేశారు. ఇక్కడివాళ్ళు ప్రతి మాటకూ 'అండీ' తగిలిస్తారు. నిన్న కూరగాయలామె 'వంకాయలు పుచ్చులండీ' అన్నది. పుచ్చుల్ని ఇంత మర్యాదగా అమ్మడం నేను ఎక్కడా చూడలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. డాక్టరు చాయ తాగుతూ, "మెట్లబావి మూస్తే వాళ్ళు నీళ్ళకు ఎక్కడికి పోతారు?" అన్నాడు. ఆయన ఆ మాట అడగడానికి మూడు నెలలు పట్టింది. అయినా ముగ్గురిలో ఆయన ఒక్కడే అడిగాడు.

నిజం చెప్పాలంటే చాలా పెద్ద కథ. తాతల నుంచి మొదలుపెట్టాలి. చాయ చల్లారుతుంది. అందుకని ఏమీ తెలియనివాడిలాగా చెప్పాను.

"ఊళ్ళె చేదబావుంది గద సారూ. నాలుగు గిలకలున్నయి."

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకుని నా మొహంలోకి చూశాడు.

"నాలుగా?"

"నాలుగే సారూ."

"అందరికీ సరిపోతాయా?"

"గిలకకేం తెలుస్తది సారూ, ఎవరు గుంజితే వాళ్ళకు తిరుగుతది."

ఇంకాసేపు చూశాడు. తరువాత రాసుకున్నాడు. ఆయనకు తెలియక రాశాడా, తెలిసే రాశాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంకో కప్పు చాయ అడిగాడు.

గిలకల లెక్క ఎవరిచ్చారని పటేలు చుట్టం ఒకాయన సూర్యాపేటలో వాకబు చేశాడు. వంటవాడు అతిథులతో ఎక్కువ మాట్లాడుతున్నాడని నామీద చాడీ పోయింది. నీ మీద ఈ చాడీ ఎప్పుడూ పోదు, నిశ్చింతగా ఉండు.

అక్క ఊరి బావికి పోయిందా? కాగితం ఉండి పోకపోతే నా బదిలీ దండగ.

మత్తయ్య


గట్టుకింది గూడెం
జూలై 29

మత్తయ్యకు,

పోయింది.

మొదటినాడు పదిమంది బయలుదేరి, చావడి దగ్గరికి వచ్చేసరికి ఐదుగురయ్యారు. బావి దగ్గరికి ముగ్గురు చేరారు. మీ అక్క, భూలి, వెనక నేను. కచేరీకి జవాబు రాయాలి కాబట్టి గిర్దావరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పటేలు పెద్దమ్మ బాలనర్సమ్మ అప్పటికే తోడుతున్నది.

"ఎవరే నువ్వు? గిటెటొచ్చినవ్?"

"నీళ్ళకొచ్చిన పెద్దమ్మా," అన్నది మీ అక్క.

"మీ బావేమైంది?"

"పటేలు గోడ కడుతుండు."

"ఐతే తోడుకో. గిలక మాత్రం ముట్టకు."

"ముట్టకుంటే ఎట్ల తిరుగుతది పెద్దమ్మా?"

బాలనర్సమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.  తన బిందె వంచి నీళ్ళన్నీ పారబోసి వెళ్ళిపోయింది. మీ అక్క తోడింది. సగం నీళ్ళు చీర మీదే పోసుకుంది. ఇంటికి వచ్చాక, తడిసింది నీళ్ళకేనని నాతో రెండుసార్లు చెప్పింది.

మరునాడు ఊరివాళ్ళు మూడు గిలకలు తీసుకుని నాలుగోది మాకు వదిలారు. అది కిర్రుమంటుంది. నేను ఆముదం పోశాను. ఎనిమిదోనాడు మూడింటి దగ్గరా సందులేక కంసాలివాళ్ళ కోడలు జమున మా గిలక దగ్గరికి వచ్చి మీ అక్క వెనక నిలబడ్డది. "జర జల్ది తోడక్కా, పొయ్యిమీద పప్పున్నది," అన్నది. అంతే. ఇంకేమీ జరగలేదు.

ఊరి పెద్దలు ఇరవై నాలుగు రోజుల్లో మా బావికి గోడ లేపారు. అంత వేగంగా ఈ తాలూకాలో ఏదీ కట్టి ఉండరు. పటేలు తనే నిలబడి సున్నం దంపించాడు. రాతల రాయిని పంతులు బండి మీద తీసుకుపోయాడు. కొడవళ్ళు నూరడానికి ఇప్పుడు ఏ రాయీ నచ్చడం లేదు.

దావీదు


కోదాడ
అక్టోబరు 16

బావా,

రెండు నెలలు దాటింది. కార్డు ముక్క లేదు. గోడ పూర్తయింది, గిలకలు పెట్టారు అంటే కథ అయిపోయినట్టే కదా. అయిపోతే అయిపోయిందని రాయి. ఇక్కడ తేనెటీగల మీద పరిశోధన చేసే ఆయన దిగాడు. నన్ను రెండు కుట్టాయి. ఏ వేలికి, ఎన్ని గంటలకు అని అడిగి రాసుకున్నాడు.

మత్తయ్య


గట్టుకింది గూడెం
నవంబరు 13

మత్తయ్యకు,

అయిపోలేదు, అందుకే రాయలేదు.

గోడ అయినాక డాక్టరు చూడడానికి వచ్చాడు. బాగుందన్నాడు. నారి తగ్గిందో లేదో వచ్చే ఏడు కాళ్ళు చూస్తే గానీ తెలియదన్నాడు. పోతూ పోతూ, పటేలు ముందరే ఒక మాట చెప్పాడు. కొత్త సున్నం నీళ్ళలో దిగుతుంది, అది పూర్తిగా పోయేదాకా ఈ నీళ్ళు తాగవద్దు, అప్పటిదాకా ఊరి బావే వాడుకోండి అని. ఎన్నాళ్ళకు పోతుందని పటేలు అడిగాడు. తాగేవాళ్ళకు తెలుస్తుందన్నాడు డాక్టరు. నా వైపు చూడలేదు.

వారానికి పటేలు కబురు పంపాడు. సున్నం పోయిందా అని. మీ అక్క బొక్కెన తోడి, గుక్కెడు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మింది. "ఇంకున్నది," అన్నది. దసరాకు మళ్ళీ కబురు వచ్చింది. ఈసారి భూలి పుక్కిలించింది. ఉన్నదన్నది. నేనూ చూశాను. నాకు కొంచెం అనుమానమే కానీ, ఆడవాళ్ళ నాలుక నాకన్న మంచిదని ఊరుకున్నాను.

పోయిన నెల చివర్న పటేలు తనే వచ్చాడు. గోడమీద వంగి లోపలికి చూశాడు. ముక్కు పెట్టి వాసన పీల్చాడు.

"ఏం లేదు గద. తేటగున్నయి. నాకేం వాసన కొడతలేదు."

"సున్నం ముక్కుకు తెల్వది పటేలా, నాలుకకు తెలుస్తది," అన్నది మీ అక్క.

నాలుగో గిలక మీద బొక్కెన దింపి నిండుగా తోడింది. ఆయన ముందర గోడమీద పెట్టింది.

"జర నువ్వే తాగి చెప్పు. నువ్వు పోయిందంటే పోయినట్టే. రేపటినుంచి మీ బావి కాడికి రాం."

గూడెం అంతా చుట్టూ నిలబడి ఉంది. తండావాళ్ళు కూడా వచ్చారు. పటేలు బొక్కెన వంక చూశాడు. నీళ్ళు మంచివే, అడుగు కనబడుతున్నది. ఒక చెయ్యి గోడమీద పెట్టాడు. మళ్ళీ తీసేశాడు. కండువా భుజం మార్చుకున్నాడు.

"ఇంకొన్ని దినాలు సూడండ్రి," అని వెళ్ళిపోయాడు.

చూస్తున్నాం. మీ అక్క ఇప్పుడే ఊరి బావి నుంచి బిందె దించింది. సున్నం ఇంకా పోలేదని నీకు రాయమంటున్నది.

దావీదు